45 దాటిన మాజీ సైనికులు: పెద్దపేగు పరీక్ష ఎక్కడ జారిపోతోంది

2003లో ఇరాక్ వెళ్ళేనాటికి 22 ఏళ్ళున్న అమెరికా సైనికుడికి 2026లో 45 నిండుతాయి. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టాల్సిన వయసు అదే. అయితే అతని మనసులో నాటుకుపోయిన అంకె 50. తండ్రి, మామ, తనకు పైన పనిచేసిన సార్జెంటు, అందరూ యాభైకే చేయించుకున్నారు. ఇంకా అయిదేళ్ళుంది కదా అని ఊరుకుంటాడు. పేగు లోపలి గోడమీద పెరిగే చిన్న బుడిపె, అంటే పాలిప్, క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళ దాకా పడుతుంది. అందులో సగం కాలం అలా ఊరుకోవడంలోనే గడిచిపోతుంది.

అంకె మారి కొన్నేళ్ళయింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో 45 అంది. స్వతంత్ర వైద్య నిపుణుల బృందమైన ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2021 మే నెలలో అదే మాట చెప్పింది. మాజీ సైనికుల ఆరోగ్య వ్యవస్థ అయిన వీఏ కూడా ఇప్పుడు 45నే పాటిస్తోంది. 75 వరకు క్రమం తప్పకుండా చేయించుకోవాలి, 76 నుంచి 85 మధ్య అవసరాన్ని బట్టి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

వయసు తగ్గించడానికి గట్టి కారణమే ఉంది. 1950 ప్రాంతంలో పుట్టినవారితో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవారికి అదే వయసులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పేగు చివరి భాగమైన పురీషనాళంలో క్యాన్సర్ ముప్పు నాలుగింతలు ఉన్నట్టు 2017లో తేలింది. 1990ల చివర్లో, 50 ఏళ్ళలోపు వారి క్యాన్సర్ మరణాల జాబితాలో ఇది నాలుగో స్థానంలో ఉండేది. 2024 నాటి క్యాన్సర్ సొసైటీ నివేదికలో మగవారిలో మొదటి స్థానానికి, ఆడవారిలో రెండో స్థానానికి ఎక్కింది. పేగు గోడ దాటకముందే దొరికితే నూటికి 90 మంది దాకా అయిదేళ్ళు దాటి బతుకుతారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికితే అలా బతికేవారు నూటికి సుమారు 15 మందే. రెండూ ఒకే జబ్బు అంకెలే, తేడా దొరికిన సమయానిదే.

సైన్యం వదిలాక వెంటపడేవాళ్ళుండరు

యూనిఫాంలో ఉన్నన్నాళ్ళూ ఏటా ఒకసారి ఆరోగ్య మదింపు తప్పదు. టీకా బాకీ ఉన్నా, పళ్ళ పరీక్ష బాకీ ఉన్నా యూనిట్ జాబితాలో కనబడిపోతుంది. అది తీరేదాకా పైవాళ్ళు వదలరు. డిశ్చార్జి కాగితం డీడీ-214 చేతికొచ్చిన రోజుతో ఆ వెంటపడడం ఆగిపోతుంది. చాలామంది ఇరవైల్లోనో ముప్పైల్లోనో బయటికొచ్చేస్తారు. 18 ఏళ్ళకు చేరి, 20 ఏళ్ళ సర్వీసు పూర్తిచేసి పెన్షన్‌తో దిగినవారికైనా అప్పటికి 38 ఏళ్ళే. కాబట్టి మొదటి స్క్రీనింగ్ ఎక్కువమందికి పౌరజీవితంలోనే వస్తుంది. అక్కడ ఎవరి పరీక్ష వాళ్ళే గుర్తుపెట్టుకోవాలి.

వీఏలో ఉన్నవారికి ఒక మేలుంది. 45 నిండాక ప్రైమరీ కేర్ క్లినిక్‌కు వెళితే నర్సు ముందున్న తెరమీద స్క్రీనింగ్ బాకీ ఉందన్న హెచ్చరిక కనిపిస్తుంది. కానీ దేశంలోని దాదాపు కోటీ 80 లక్షల మాజీ సైనికుల్లో వీఏ ఆరోగ్య సేవల్లో నమోదైనవారు సుమారు 90 లక్షలు. నమోదైనవారిలోనూ 45-49 మధ్య చాలామంది పెద్దగా మందులు వాడరు, కాబట్టి క్లినిక్ గడప తొక్కరు. మోకాలు పట్టేస్తేనో వీపు నొప్పి ఎక్కువైతేనో ఆ విభాగానికి వెళ్ళి వచ్చేస్తారు. క్లినిక్‌కు రానివారి పేరుమీద కంప్యూటర్‌లో ఎన్ని హెచ్చరికలు ఉన్నా ఎవరి కంటా పడవు. స్క్రీనింగ్ జారిపోయే మొదటి చోటు ఇదే, దానికి మనిషి ధైర్యంతో సంబంధం లేదు.

రెండో చోటు ఇంకా ప్రమాదకరమైనది: రక్తం కనబడినా సర్దుకుపోవడం. మలంతో రక్తం పడితే సైన్యంలో పనిచేసినవారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది, పైల్స్ అని. నలభై కిలోల బరువు వీపున వేసుకుని నడిచినవారికి, నెలల తరబడి ప్యాకెట్ తిండి తిని మలబద్ధకం తెచ్చుకున్నవారికి పైల్స్ నిజంగానే ఉండి ఉండవచ్చు. 800 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్‌ను 'రేంజర్ క్యాండీ' అంటూ చప్పరించినంత తేలిగ్గా మింగిన అలవాటు కూడా ఉంటే, రక్తహీనతకు కారణం ఆ మాత్రే అనుకోవడం సులువు. అయితే పైల్స్ ఉన్నంత మాత్రాన పాలిప్ ఉండకూడదని లేదు, రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు. చిన్న వయసులో వచ్చే కణితులు ఎక్కువగా పేగు ఎడమవైపున, పురీషనాళంలో ఉంటాయి. అక్కడినుంచి వచ్చే రక్తం పైల్స్ రక్తంలాగే ఎర్రగా, తాజాగా కనిపిస్తుంది. చూసి తేడా చెప్పడం ఎవరివల్లా కాదు.

మలంలో రక్తం, వారాల తరబడి మారిన మలవిసర్జన అలవాటు, తగ్గని కడుపునొప్పి, కారణం తెలియని విరేచనాలు, మగవారిలో ఇనుము లోపంతో వచ్చిన రక్తహీనత, వీటిలో ఏది ఉన్నా ఆ మనిషి ఇక స్క్రీనింగ్ వరుసలో లేడు. ఏ లక్షణమూ లేనివారికి చేసేదే స్క్రీనింగ్. లక్షణం ఉన్నవారికి కావలసింది రోగనిర్ధారణ. అది 30 ఏళ్ళకైనా సరే, 45 దాకా ఆగే పని కాదు. ఇంట్లోనే మలం నమూనా తీసి ల్యాబ్‌కు పంపే కిట్‌తో సరిపెట్టడమూ తప్పే, ఎందుకంటే ఆ కిట్ 'రక్తం లేదు' అని చెబితే రోగీ డాక్టరూ ఇద్దరూ నిశ్చింతగా ఉండిపోతారు. ఇలాంటివారు కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అడగాలి. 'పైల్సే, ఈ క్రీము రాసుకో' అని పంపేస్తే, పరీక్ష చేయకుండా ఎలా తేల్చారో రికార్డులో రాయమని మర్యాదగా కోరవచ్చు. ఆ మాటతో చాలాసార్లు పరీక్షకు పంపే చీటీ (రిఫరల్) వస్తుంది.

ఇంట్లో చేసుకునే పరీక్ష, దగ్గరినుంచి

సగటు ముప్పు ఉన్నవారికి దారులు చాలానే ఉన్నాయి: ఏటా ఫిట్ అనే మలపరీక్ష, పదేళ్ళకోసారి కొలనోస్కోపీ, ఒకటి నుంచి మూడేళ్ళకోసారి మలంలో డీఎన్‌ఏ పరీక్ష, అయిదేళ్ళకోసారి స్కాన్‌తో పేగును చూసే సీటీ కొలనోగ్రఫీ. 2024 జులైలో అనుమతి పొందిన రక్తపరీక్ష కూడా ఒకటుంది. అది ఉన్న క్యాన్సర్‌ను నూటికి 83 సార్లు పట్టింది గానీ, క్యాన్సర్ కాబోయే పెద్ద పాలిప్‌లను నూటికి 13 మాత్రమే పట్టింది. పాలిప్ దశలోనే తీసేసి క్యాన్సర్ రాకుండా ఆపడం స్క్రీనింగ్‌లో సగం ప్రయోజనం. ఆ సగం ఈ రక్తపరీక్షతో దాదాపుగా పోతుంది. మిగతావేవీ చేయించుకోనని పట్టుబట్టినవారికి అది ఒక మెట్టు, అంతే.

వీఏ ఎక్కువగా వాడేది ఫిట్. మలంలో కంటికి కనిపించని మనిషి రక్తాన్ని, హీమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రోటీన్ ద్వారా పడుతుంది. పాతకాలపు గ్వాయాక్ కార్డు పరీక్షకు మూడు రోజుల నమూనాలు, మాంసం మానడం, విటమిన్ సి ఆపడం వంటి నియమాలుండేవి. ఫిట్‌కు అవేవీ లేవు, ఒక్క నమూనా చాలు, తిండి మార్చనక్కర్లేదు, మాత్రలు ఆపనక్కర్లేదు. పదేళ్ళ కిందట తండ్రి పడిన అవస్థ చూసి ఇదీ అలాంటిదే అనుకునేవారికి ముందు ఈ తేడా చెప్పాలి.

కవరులో మామూలుగా ఉండేవి: సూచనల కాగితం, మలం నీళ్ళలో పడకుండా పట్టే పలుచని కాగితం, మూతకు పుల్ల అమర్చిన చిన్న సీసా, తేమ పీల్చే గుడ్డ, ప్లాస్టిక్ సంచి, తపాలా ఖర్చు కట్టేసిన తిరుగు కవరు. పని అయిదు నిమిషాలది. టాయిలెట్‌లో రంగు క్లీనర్ బిళ్ళ ఉంటే తీసేసి ఫ్లష్ చేయాలి. ముందు మూత్రవిసర్జన ముగించి, నీళ్ళమీద కాగితం పరచాలి. సీసా మూత తిప్పి తీస్తే చివర గాడులున్న పుల్ల వస్తుంది. దాన్ని మలం పైపొరమీద నాలుగైదు చోట్ల అడ్డంగా నిలువుగా గీయాలి. ఒకేచోట గుచ్చితే రక్తం ఉన్న భాగం తప్పిపోవచ్చు. గాడులు నిండితే చాలు. సీసాలోకి పుల్లను దించేటప్పుడు ఇరుకైన మెడ దగ్గర ఎక్కువైనది దానంతటదే గీసుకుపోతుంది. విస్తృతంగా వాడే ఒకరకం సీసాలోకి చేరేది 10 మిల్లీగ్రాముల మలం, అందులోని ద్రవం 2 మిల్లీలీటర్లు. యంత్రం లెక్కంతా ఆ కొలతమీదే నడుస్తుంది. అందుకే 'బాగా తెలియాలి కదా' అని చెంచాడు కూరితే నమూనా పాడవుతుంది. మూత క్లిక్‌మనేలా బిగించాక మళ్ళీ తెరవకూడదు.

నమూనాలు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా రాతకోతల దగ్గరే. లేబుల్‌మీద నమూనా తీసిన తేదీ రాయకపోతే ల్యాబ్ దాన్ని పక్కన పెట్టేస్తుంది, ఎందుకంటే అది ఎన్ని రోజుల పాతదో తెలియదు. పేరు, పుట్టినతేదీ, నమూనా తేదీ మూడూ చెరగని పెన్నుతో, పుల్ల పట్టుకోకముందే రాసిపెట్టుకోవడం మేలు. పైన చెప్పిన రకం సీసాలో నమూనా మామూలు గది వేడిమిలో 15 రోజులు నిలుస్తుంది. అంతకన్నా వేడిలో గ్లోబిన్ విరిగిపోయి, ఉన్న రక్తం కూడా లేనట్టు చూపిస్తుంది. అరిజోనాలోనో టెక్సాస్‌లోనో ఎండాకాలం శుక్రవారం సాయంత్రం వీధి తపాలా పెట్టెలో వేసిన సీసా సోమవారం దాకా ఆ రేకు డబ్బాలో ఉడుకుతుంది. సోమ, మంగళవారాల్లో పోస్టాఫీసు లోపలే ఇవ్వడం, ఆ రోజు వీలుకాకపోతే సంచితో సహా ఫ్రిజ్‌లో ఉంచడం మంచిది. నెలసరి రోజుల్లో, పైల్స్ నుంచి రక్తం కారుతున్నప్పుడు, మూత్రంలో రక్తం ఉన్నప్పుడు నమూనా తీయకూడదు.

ఇంకొక అపోహ. అత్యవసర విభాగంలో డాక్టరు వేలితో పరీక్షించి కార్డుమీద రాసి 'రక్తం లేదు' అన్నారు కాబట్టి స్క్రీనింగ్ అయిపోయిందని కొందరనుకుంటారు. 13 వీఏ ఆస్పత్రుల్లో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఆ వేలి పరీక్ష ముదిరిన పాలిప్‌లనూ క్యాన్సర్లనూ కలిపి నూటికి 5 కూడా పట్టలేదు. అది లెక్కలోకి రాదు.

ఫిట్‌కూ హద్దులున్నాయి. ఒక్కసారి చేస్తే ఉన్న క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులు దొరుకుతాయి, పెద్ద పాలిప్‌లలో నాలుగో వంతే దొరుకుతాయి. దాని బలమంతా ఏటా చేయడంలో ఉంది. ఈ ఏడు రక్తం కార్చని పాలిప్ వచ్చే ఏడు కార్చవచ్చు. ఏటా ఫిట్ మేలా, ఒకసారి కొలనోస్కోపీ మేలా అన్నది తేల్చడానికి వీఏయే 46 ఆస్పత్రుల్లో 50,126 మంది మాజీ సైనికులతో 'కన్ఫర్మ్' అనే భారీ ప్రయోగం చేపట్టింది. 2012 నుంచి 2017 దాకా మనుషులను చేర్చుకుని, ఒక్కొక్కరినీ పదేళ్ళు గమనించేలా రూపొందించింది. ఆ ఫలితాలకోసం ఆగాల్సిన పనిలేదు. రెండూ మార్గదర్శకాల్లో ఆమోదం ఉన్నవే.

పాజిటివ్ వచ్చాక

ఇక్కడ జారితే చేసిందంతా వృథా. ఫిట్ పాజిటివ్ వచ్చినవారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు, అయినా కొలనోస్కోపీ చేస్తేనే ఆ సంగతి తేలుతుంది. మళ్ళీ ఫిట్ చేయించుకుని నెగెటివ్ రాగానే హమ్మయ్య అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. పాలిప్ రోజూ రక్తం కార్చదు, రెండో నమూనా శుభ్రంగా వచ్చినంత మాత్రాన మొదటిది అబద్ధమైపోదు. ఆరు నెలల్లోపు కొలనోస్కోపీ అయ్యేలా చూసుకోవాలి. పది నెలలు దాటాక క్యాన్సర్ దొరకడం, అదీ ముదిరిన దశలో దొరకడం పెరుగుతున్నట్టు 2017 నాటి పెద్ద అధ్యయనం చూపించింది.

వీఏలో అపాయింట్‌మెంట్ 28 రోజుల్లోపు దొరకకపోతే, లేదా ఆస్పత్రికి సగటు ప్రయాణం గంట మించితే, 2018 నాటి మిషన్ చట్టం కింద బయటి ఆస్పత్రిలో కమ్యూనిటీ కేర్ అడగవచ్చు. ఈ దారిలో ఒక చిక్కుంది. బయట చేసిన కొలనోస్కోపీ నివేదిక, తీసిన పాలిప్‌ను ల్యాబ్‌లో చూసి రాసే పాథాలజీ నివేదిక వీఏ రికార్డులోకి వాటంతటవే చేరతాయన్న భరోసా లేదు. చేరకపోతే తర్వాతి పరీక్ష ఎప్పుడన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది. రెండు నివేదికల నకళ్ళూ తీసుకుని ప్రైమరీ కేర్ బృందానికి సురక్షిత సందేశంలో పంపడం రోగి చేతిలో ఉన్న పని.

కొలనోస్కోపీ బాగా జరగడమన్నది పేగు ఎంత శుభ్రపడిందన్నదానిమీద ఆధారపడుతుంది. సాధారణంగా ఇచ్చేది 4 లీటర్ల ద్రావణం. మొత్తం ముందురోజు రాత్రే తాగేయడం పాత పద్ధతి. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందే ముగించడం ఇప్పటి పద్ధతి. ఉదయం ఎనిమిదింటి పరీక్షకు తెల్లవారుజామున మూడింటికి లేవాలి. కష్టమే, కానీ ఆ రెండో సగమే పేగు కుడివైపును కడుగుతుంది. చదునైన పాలిప్‌లు దాక్కునేది అక్కడే. చివరికి మూత్రంలా పసుపుపచ్చగా, తేటగా వస్తే సిద్ధమైనట్టు. ఎర్రరంగు, ఊదారంగు పానీయాలు తాగకూడదు, లోపల అవి రక్తంలా కనబడతాయి. ఇనుము మాత్రలు వారం ముందు ఆపాలి. వీపునొప్పికి ఓపియాయిడ్ మాత్రలు వాడేవారికి, ఎప్పుడూ మలబద్ధకం ఉండేవారికి మామూలు మోతాదు సరిపోకపోవచ్చు. ముందే చెబితే రెండురోజుల పద్ధతి రాసిస్తారు. రక్తం పలుచబరిచే మందులు, షుగరు మందులు, బరువు తగ్గడానికి వేసుకునే వారంవారం ఇంజెక్షన్ల గురించి కూడా అపాయింట్‌మెంట్ ఖాయం చేసే ఫోన్‌లోనే చెప్పాలి. పరీక్ష బల్లమీద గుర్తొస్తే ఆ రోజు రద్దవుతుంది.

ఇంటికి తీసుకెళ్ళే మనిషి లేకపోవడం వల్ల కూడా ఎన్నో పరీక్షలు రద్దవుతాయి. మత్తు ఇచ్చాక పెద్దవారెవరో ఒకరు వెంట ఉండాలి, టాక్సీ డ్రైవరు చాలడు. విడాకులైనవారు, పుట్టిన ఊరికి దూరంగా స్థిరపడినవారు ఇక్కడ ఆగిపోతారు, పైగా ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడి 'తర్వాత చూస్తాను' అంటారు. వెటరన్స్ సంఘాల స్థానిక శాఖలు, పాత యూనిట్ మిత్రులు నిజంగా ఉపయోగపడే చోటు ఇదే. 'పరీక్ష చేయించుకో' అని పోస్టర్ పెట్టడం కన్నా 'గురువారం నేను తీసుకెళ్తా' అనడం వంద రెట్లు మేలు.

మరొక అడ్డంకి గురించి క్లినిక్‌లు తగినంత మాట్లాడవు. సర్వీసులో లైంగిక దాడికి గురైనవారికి, మగవారైనా ఆడవారైనా, ఒంటిమీద బట్టలు తీసి స్పృహ లేకుండా పడుకుని చేయించుకునే ఈ పరీక్ష పాత గాయాన్ని రేపుతుంది. యుద్ధం తాలూకు మానసిక గాయం (పీటీఎస్‌డీ) ఉన్న కొందరు మత్తునుంచి మేలుకునేటప్పుడు తీవ్రంగా కంగారుపడతారు. ఇవి పరీక్ష మానుకోవడానికి కారణాలు కానక్కర్లేదు, ఏర్పాటు మార్చడానికి కారణాలు. డాక్టరు ఆడా మగా అన్నది ఎంచుకోవచ్చు, గదిలో తోడుగా ఒకరిని ఉంచమని అడగవచ్చు, వెనక తెరుచుకునే పరీక్ష షార్ట్స్ అడగవచ్చు, ఏ క్షణంలో ఏం చేయబోతున్నారో ముందే చెప్పమనవచ్చు, మత్తు లేకుండా చేయమనవచ్చు. ప్రతి వీఏ ఆస్పత్రిలో లైంగిక దాడి బాధితులకోసం సమన్వయకర్త ఉంటారు, ఆ సహాయం ఉచితం. ఏమీ వద్దనుకునేవారికి ఇంటి కిట్ ఉండనే ఉంది, అందులో ఎవరూ తాకరు. ఆ ఒక్క మాట చెప్పకుండా 'రోగి నిరాకరించారు' అని రాసి ముగించడం అన్యాయం.

కొలనోస్కోపీతో ఎంత ముప్పు ఉందని అడిగితే: టాస్క్‌ఫోర్స్ లెక్కలో 10,000 కొలనోస్కోపీలకు సుమారు 15 పెద్ద రక్తస్రావాలు, పేగుకు రంధ్రం పడిన ఘటనలు సుమారు 3.

బర్న్ పిట్‌ల పొగ, పాక్ట్ చట్టం

ఇరాక్, అఫ్ఘానిస్థాన్ స్థావరాల్లో ప్లాస్టిక్, బ్యాటరీలు, మందుల వ్యర్థాలు, మలం అన్నీ కలిపి గోతుల్లో కాల్చేవారు. ఆ పొగ పీల్చినవారికోసం 2022 ఆగస్టు 10న పాక్ట్ చట్టం వచ్చింది. వీఏలో ప్రైమరీ కేర్ బృందాన్ని కూడా పొడి అక్షరాల్లో 'పాక్ట్' అనే అంటారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఏ పాక్ట్ గురించో విడిగా చెప్పకపోతే తప్పు విభాగానికి వెళతారు.

ఈ చట్టం కింద 1990 ఆగస్టు 2 తర్వాత ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా తదితర చోట్ల, 2001 సెప్టెంబరు 11 తర్వాత అఫ్ఘానిస్థాన్, సిరియా, జిబూతీ తదితర చోట్ల పనిచేసినవారికి జీర్ణవ్యవస్థలో వచ్చే ఏ క్యాన్సరైనా సర్వీసువల్లే వచ్చినట్టు ముందే ఒప్పుకుంటారు. ఫలానా రోజు ఫలానా పొగ పీల్చానని రుజువు చేయనక్కర్లేదు. క్యాన్సర్ క్రియాశీలంగా ఉన్నన్నాళ్ళూ పరిహారాన్ని నిర్ణయించే వైకల్య రేటింగ్ 100 శాతం, చికిత్స ముగిసిన ఆరు నెలలకు మళ్ళీ పరీక్షించి సవరిస్తారు. నమోదైన ప్రతివారికీ కనీసం అయిదేళ్ళకోసారి విషపదార్థాల ప్రశ్నావళి ఉంటుంది, పది నిమిషాల్లో అయిపోతుంది. 2024 మార్చి 5 నుంచి, సర్వీసులో విషపదార్థాల బారిన పడినవారు ముందుగా వైకల్యం క్లెయిము వేయకుండానే నేరుగా ఆరోగ్య సేవల్లో చేరవచ్చు. ఫారం పేరు 10-10 ఈజెడ్.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పొగ పీల్చినంత మాత్రాన స్క్రీనింగ్ వయసు మార్గదర్శకాల్లో తగ్గలేదు. చట్టం చెప్పేది పరిహారం, ఆరోగ్య సేవల అర్హత గురించి. అయినా 38 ఏళ్ళ మనిషి రక్తం పడుతోందని వచ్చినప్పుడు, అతని రికార్డులో ఆ స్థావరాల పేర్లు ఉండడం డాక్టరును ఆలోచింపజేస్తుంది. అందుకే ఆ ప్రశ్నావళిని దాటవేయకూడదు.

ఖర్చు సంగతి క్లుప్తంగా: వీఏలో ఫిట్ పరీక్షకు కోపే, అంటే రోగి కట్టే వాటా, లేదు. తర్వాతి కొలనోస్కోపీకి మాత్రం కొన్ని ప్రాధాన్య వర్గాలవారికి స్పెషాలిటీ కోపే 50 డాలర్లు పడవచ్చు. ప్రయాణ భత్యానికి అర్హులైనవారికి, అంటే రేటింగ్ 30 శాతం లేదా అంతకు మించి ఉన్నవారు తదితరులకు, మైలుకు 41.5 సెంట్లు ఇస్తారు. ఉద్యోగం తరఫున ప్రైవేటు బీమా ఉన్నవారికి 2022 మే 31 తర్వాత మొదలైన ప్లాన్లలో 45 నుంచి స్క్రీనింగ్, పాజిటివ్ తర్వాతి కొలనోస్కోపీ రెండూ వాటా కట్టకుండానే జరగాలి. బిల్లు వస్తే కట్టేముందు కోడ్ సరిగ్గా వేశారో లేదో అడగాలి.

45 దాకా ఆగకూడనివారు

తల్లి, తండ్రి, తోబుట్టువు, పిల్లల్లో ఒకరికి 60 ఏళ్ళలోపు పెద్దపేగు క్యాన్సరో ముదిరిన పాలిపో వచ్చినా, ఇద్దరికి ఏ వయసులో వచ్చినా, 40 ఏళ్ళకు లేదా వాళ్ళకు వచ్చిన వయసుకు పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. అయిదేళ్ళకోసారి చేయించుకోవాలి. తండ్రికి 46లో వస్తే కొడుక్కి 36లో, అప్పటికి కొడుకు ఇంకా సర్వీసులోనే ఉండవచ్చు. వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాల్లో 20-25 మధ్యే మొదలవుతుంది. దీర్ఘకాలిక పేగుపూత (అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వంటివి) ఉన్నవారికి లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్ళకు. వీళ్ళెవరికీ ఇంటి కిట్ సరిపోదు. చిక్కేమిటంటే, సైన్యంలో చేరినప్పుడు 18 ఏళ్ళకు రాసిన కుటుంబ చరిత్రే రికార్డులో నిలిచిపోతుంది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళలో ఇంట్లో ఎవరికేం వచ్చిందో ఎవరూ చేర్చరు.

ఒప్పించే మాట ఎలా ఉండాలి

2012లో వెలువడిన ఒక ప్రయోగంలో, కొలనోస్కోపీ మాత్రమే సూచించినవారిలో నూటికి 38 మంది పరీక్ష పూర్తిచేశారు. మలపరీక్ష సూచించినవారిలో 67 మంది, రెండింట్లో ఏదైనా ఎంచుకోమన్నవారిలో 69 మంది. కొలనోస్కోపీ ఒక్కటే అసలైన పరీక్ష అని పట్టుబట్టే డాక్టరు మంచి ఉద్దేశంతోనే సగంమందిని పోగొట్టుకుంటున్నారు. 45-49 వయసువారిమీద ఇటీవల జరిగిన మరో ప్రయోగంలో, అడగకుండానే కిట్ తపాలాలో పంపినప్పుడు సుమారు నాలుగో వంతు మంది తిప్పి పంపారు. 'కావాలా, ఏది కావాలి' అని ముందు అడిగిన బృందాల్లో అంతమంది చేయలేదు. నాలుగో వంతు పెద్ద సంఖ్యేమీ కాదు, అందుకే తపాలాతో ఆగకూడదు. కిట్ బయలుదేరే ముందు ఒక టెక్స్ట్, చేరాక రెండు వారాలకు మరొకటి, అప్పటికీ రాకపోతే ఒక ఫోన్.

యుద్ధం పోలికలతో నింపిన ప్రచారం మాజీ సైనికుల దగ్గర పనిచేస్తుందనుకోవడం తప్పు. నిజమైన యుద్ధం చూసినవారికి క్యాన్సర్‌తో యుద్ధం అన్న మాట పెద్దగా తాకదు. వాళ్ళకు అలవాటైనది అంచెలంచెలుగా రాసిన పని చీటీ. 'వయసు 45, 50 కాదు. కిట్ వచ్చే వారం ఇంటికొస్తుంది. తేదీ రాసి సోమవారం పంపండి. పాజిటివ్ వస్తే మేమే ఫోన్ చేసి కొలనోస్కోపీ తేదీ ఇస్తాం.' ఈ నాలుగు వాక్యాలకు మించి మొదటి సందేశంలో అక్కర్లేదు. భార్య, భర్త, అక్కచెల్లెళ్ళు చెప్పే మాటకు ఇంకా బలం ఉంటుంది. రక్తం పడుతోందన్న సంగతి చాలా ఇళ్ళలో ముందు తెలిసేది వాళ్ళకే.

సగటు ముప్పు ఉన్నవారికి కొలనోస్కోపీలో ఏమీ దొరకకపోతే పదేళ్ళ దాకా మళ్ళీ అక్కర్లేదు, మధ్యలో ఫిట్ కూడా అవసరం లేదు. సెంటీమీటరు కన్నా చిన్న అడినోమాలు (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్‌లు) ఒకటి రెండు తీస్తే ఏడు నుంచి పదేళ్ళు, మూడు నాలుగు తీస్తే మూడు నుంచి అయిదేళ్ళు, సెంటీమీటరు మించినది ఒక్కటున్నా మూడేళ్ళు. ఫిట్ నెగెటివ్ వచ్చినవారికి మాత్రం గడువు సరిగ్గా ఒక్క ఏడాది. మొదటి ఏడు ఉత్సాహంగా చేసి రెండో ఏడు మానేసేవారు తక్కువేమీ కాదు. మాజీ సైనికులు ఉద్యోగాలకోసం, ఇళ్ళకోసం తరచూ ఊళ్ళు మారతారు. రెండో కిట్ పాత చిరునామాకు వెళ్ళి, కొత్తగా అద్దెకు దిగినవారి చెత్తబుట్టలో పడుతుంది. ఇల్లు మారిన వారంలోనే వీఏ వెబ్‌సైట్‌లోని ప్రొఫైల్‌లో తపాలా చిరునామా, ఫోన్ నంబరు మార్చుకుంటే రెండో ఏడు కిట్ సరైన గుమ్మానికి చేరుతుంది.